పిడి ఎవరి చేతి కొలత?

'పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం' అని మనకో సామెత ఉంది. ఎలాగూ చెడిపోదలుచుకున్నప్పుడు సాధనం ఏదైతే ఏముందన్న అర్థంలో వాడతాం. చాలా సామెతల్లాగే ఇది కూడా నొప్పి పడేవాళ్ళ వైపు నుంచి పుట్టింది కాదు. పంటి నొప్పితో నాలుగు రాత్రులు నిద్ర లేకుండా గడిపిన మనిషిని అడిగితే ఏ రాయి అన్నది చాలా పెద్ద విషయమనే చెబుతుంది. ఇక ఆ రాయి పట్టుకున్న చేయి ఎవరిదన్న ప్రశ్న సామెతలోకి అసలు రానేలేదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి. పంటి వైద్యంలో వాడే చేతి పనిముట్లు ఎవరి చేతిని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి, ఆ కొలతలో ఇమడని చేతులు ఏమయ్యాయి అన్నదే నేను వెతికింది.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి దంతవైద్య పరికరాలతో ఏం పని అని మిత్రులు అడిగారు. నా పరిశోధన శ్రామిక స్త్రీల పాటల మీద. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్ళ దాకా పాటల కోసం తిరిగాను. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడక ముందు ఇదంతా ఒకటే ఖమ్మం జిల్లా. దంపుళ్ళ పాట, విసుర్రాయి పాట, కోతల పాట - ఏ పాట విన్నా దాని లయ పనిముట్టు లయే. రోకలి బరువు, కొడవలి వంపు, విసుర్రాయి తిరిగే వేగం చరణం పొడవును నిర్ణయిస్తాయి. అలా పనిముట్ల గురించి రాసుకుంటూ పోతుంటే ఒక సంగతి తట్టింది. ప్రతి పనిముట్టుకూ రెండు కొసలుంటాయి. ఒక కొస పనిని తాకుతుంది, రెండో కొస పని చేసే మనిషిని తాకుతుంది. మొదటి కొసకు చరిత్ర ఉంది, ఎప్పుడు ఎవరు మార్చారో రాసిపెట్టిన పుస్తకాలున్నాయి. రెండో కొసకు చరిత్ర రాసినవాళ్ళు చాలా తక్కువ.

పల్లెలో కమ్మరి కొలిమి దగ్గర ఈ రెండు కొసలూ ఇంకా విడిపోలేదు. కొడవలి అంచుకు కొట్టే పళ్ళను మనం 'కక్కు' అంటాం. విసుర్రాయికీ కక్కే కొట్టిస్తాం. అరిగిపోయిన కొడవలికి కక్కు పెట్టించుకోవడానికి వచ్చిన ఆడమనిషి, పనిలో పనిగా పిడి కూడా చూపిస్తుంది. బొబ్బ ఎక్కడ లేచిందో అరచేయి చాపి చూపిస్తుంది. కమ్మరి ఆ చోట కర్రను రెండు చెక్కులు చెక్కి ఇస్తాడు. కొలత పుస్తకంలో ఉండదు, ఎదురుగా చాచిన చేతిలోనే ఉంటుంది. ఊరి కొలిమిలో అంతా సమానత్వమే ఉందని నేను అనడం లేదు. కొలిమి దగ్గర కూర్చుని ఇనుము సాగగొట్టే పని తరతరాలుగా మగవాళ్ళదే, తిత్తులు ఊదే పనే ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళది. కానీ పనిముట్టు చేసేవాడికీ వాడే మనిషికీ మధ్య మాట్లాడుకునేంత దూరమే ఉంది. దంతవైద్యంలో ఈ దూరం ఎలా పెరిగిందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

పంటికి రంధ్రం చేసిన దాఖలాల్లో అతి పాతవనదగ్గవి మన ఉపఖండంలోనే దొరికాయి. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ శ్మశానవాటికలో, ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ళ కిందటి తొమ్మిది మంది మనుషుల దవడల్లో పదకొండు పళ్ళకు తొలిచిన గుర్తులు కనిపించాయి. ఈ సంగతి 2006లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఆ తొమ్మిది మందిలో నలుగురు స్త్రీలు, ఇద్దరు పురుషులు, మిగిలిన ముగ్గురు ఎవరో తేలలేదు. రాళ్ళకు రంధ్రాలు చేసి పూసలు తయారుచేసే ఊరు అది. చెకుముకి రాతి మొన బిగించిన విల్లు బరమా అక్కడి పూసల పనిలో ఉంది. అలాంటి బరమా చేసి చూస్తే పంటి పింగాణీలో రంధ్రం పడడానికి నిమిషం కూడా పట్టలేదని పరిశోధకులు రాశారు. పూస తొలిచిన చేతి నేర్పే పన్ను దాకా వచ్చిందన్నమాట. పూసల పనిలో ఆడవాళ్ళ చేతులు లేవని ఎవరనగలరు? తొలి దంతవైద్యుడి బొమ్మ గీయమంటే మాత్రం మన పుస్తకాలన్నీ గడ్డం ఉన్న మనిషినే గీస్తాయి.

తర్వాత సుశ్రుత సంహిత. అందులోని సూత్రస్థానం 101 యంత్రాలను, 20 శస్త్రాలను చెబుతుంది. పళ్ళ మీద పేరుకున్న గార గీకడానికి వాడే దంతశంకువు ఆ ఇరవైలో ఒకటి. నన్ను ఆపేసినవి అక్కడి రెండు మాటలు. ఒకటి, 101 యంత్రాల్లోకీ ముఖ్యమైనది చేయి అని. చేయి లేకపోతే ఏ యంత్రమూ కదలదు కాబట్టి. రెండోది, మంచి శస్త్రానికి ఉండాల్సిన గుణాల జాబితా. మంచి లోహం, మంచి అంచు, మంచి ఆకారం అన్నీ ఉన్నాయి గానీ ఆ జాబితాలో మొట్టమొదటి గుణం 'సుగ్రహం', అంటే పట్టుకోవడానికి అనువుగా ఉండడం. అంచు కన్నా ముందు పట్టు. పని తెలిసిన కమ్మరి చేత చేయించుకోమని కూడా ఆ గ్రంథం చెబుతుంది. అయితే ఎవరి పట్టు? వైద్యం నేర్చుకోవడానికి అర్హులని ఆ గ్రంథం లెక్కపెట్టిన శిష్యుల్లో ఆడపిల్లలు లేరు. సుగ్రహం అన్న ఆదర్శం గొప్పదే. దాన్ని పరీక్షించిన చేయి మాత్రం ఒక రకందే.

యూరప్‌లో ఆధునిక దంతవైద్యం పియెర్ ఫోషార్‌తో మొదలైందంటారు. 1728లో పారిస్‌లో వచ్చిన ఆయన గ్రంథంలో పనిముట్ల బొమ్మలున్నాయి. గడియారాలు బాగుచేసేవాళ్ళ నుంచీ, నగల పనివాళ్ళ నుంచీ, మంగలివాళ్ళ నుంచీ పనిముట్లు తెచ్చుకుని నోటికి తగినట్టు మార్చుకున్నాడు. పద్దెనిమిదో శతాబ్దంలో పన్ను పీకడానికి ఎక్కువగా వాడింది 'దంతపు తాళంచెవి'. పేరుకు తగ్గట్టే తాళం తిప్పినట్టు తిప్పితే పన్ను ఊడేది, ఒక్కోసారి దవడ ఎముక ముక్కతో సహా. 1841లో లండన్‌లో జాన్ టోమ్స్ అనే యువ సర్జన్ ఒక్కో పంటి మెడ ఆకారాన్ని అచ్చంగా కొలిచి, దానికి సరిపోయే ముక్కులతో పటకార్లు చేయించి ప్రకటించాడు. ఈనాటికీ పన్ను పీకే పటకారు ఆ సూత్రం మీదే నడుస్తోంది. ఇది నిజంగా పెద్ద అడుగు. రోగి దవడ విరగకుండా కాపాడిన అడుగు. పనిముట్టు మొదటి కొస పంటి ఆకారాన్ని గౌరవించడం నేర్చుకుంది.

అదే శ్రద్ధ రెండో కొస మీదికి రాలేదు. దీనికి రుజువు అమెరికన్ దంతవైద్యుడు జి.వి. బ్లాక్ తయారుచేసిన అంకెల పద్ధతిలో ఉంది. ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా పనిముట్లు చేయించుకుంటూ ఉన్న రోజుల్లో, పుచ్చు తొలిచే ఉలులకూ గొడ్డళ్ళకూ ఒక ఉమ్మడి కొలత కావాలని ఆయన పట్టుబట్టాడు. ఆ పద్ధతిలో పనిముట్టు పిడి మీద మూడు అంకెలు చెక్కుతారు. ఉదాహరణకు 10-7-14. మొదటిది అలుగు వెడల్పు, మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన. రెండోది అలుగు పొడవు, మిల్లీమీటర్లలో. మూడోది పిడికీ అలుగుకూ మధ్య కోణం, వృత్తాన్ని వంద భాగాలు చేసిన లెక్కలో. కొన్నింటికి అంచు వాలును చెప్పే నాలుగో అంకె కూడా ఉంటుంది. ప్రపంచమంతా దంతవైద్య విద్యార్థులు మొదటి ఏళ్ళలో బట్టీ పట్టే సూత్రం ఇది.

ఈ అంకెలను ఒకటికి రెండుసార్లు చదవండి. అన్నీ అలుగు గురించే. పిడి మందం ఎంత, బరువు ఎంత అన్నదానికి అంకె లేదు. కోణం కొలవడానికి మాత్రం పిడి కావాలి. ఆ లెక్కలో పిడి ఒక గీత, అంతే. అంకెలన్నీ పిడి మీదే చెక్కి ఉంటాయి, పిడి గురించి ఒక్క అంకే ఉండదు. మన చరిత్ర పుస్తకాలతో పరిచయం ఉన్న స్త్రీలకు ఇది వింతగా అనిపించదు. ఎవరి వీపు మీద రాశారో వాళ్ళ పేరు లేకుండా రాసిన రాతలు మనం చాలా చూశాం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో అన్నం వండిన, తుపాకులు దాచిన, గాయాలు కట్టిన చేతుల మాట మొదటిసారి విన్నాం. కొలవాలని ఎవరికీ తోచనిది లేనట్టే లెక్క అని ఆ పుస్తకం మనకు నేర్పింది. పిడికి అంకె ఎందుకు లేదన్న ప్రశ్న అడగడానికి నాకు ధైర్యమిచ్చింది ఆ చదువే.

పిడిని ఎవరూ కొలవకపోవడానికి కారణం ఉంది. దాన్ని పట్టుకునే చేయి ఎవరిదో అందరికీ తెలుసుననుకున్నారు. అమెరికాలో లూసీ హాబ్స్‌ను 1861లో ఒహాయో దంతవైద్య కళాశాల స్త్రీ అన్న కారణంతో చేర్చుకోలేదు. ఆమె ప్రాక్టీసు పెట్టి, పేరు తెచ్చుకుని, 1866లో అదే కళాశాల నుంచి పట్టా పుచ్చుకుంది. దంతవైద్యంలో పట్టా పొందిన తొలి అమెరికన్ స్త్రీ ఆమె. లండన్‌లో 1892లో లిలియన్ మర్రీ చేరడానికి వెళితే, లోపలికి వస్తే మగ విద్యార్థుల చదువు చెడుతుందని నేషనల్ డెంటల్ హాస్పిటల్ డీన్ ఆమెను కాలిబాట మీదే నిలబెట్టి మాట్లాడి పంపేశాడు. ఆమె ఎడిన్‌బరో వెళ్ళి చదివి 1895లో బ్రిటన్‌లో అర్హత పొందిన తొలి స్త్రీ దంతవైద్యురాలయింది. పెళ్ళి తర్వాత లిలియన్ లిండ్సే అయిన ఈమె బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్ గ్రంథాలయాన్ని నిలబెట్టింది. ఫోషార్ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది. ఆ అనువాదం వచ్చిన 1946లోనే ఆ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయింది. పనిముట్ల తొలి బొమ్మలున్న గ్రంథాన్ని ఇంగ్లీషు పాఠకులకు చదివించింది, ఒకనాడు గుమ్మం దాటనివ్వని ఆడమనిషి. అనువాదం చేసే స్త్రీల శ్రమ మీద మనం రాసుకునే వ్యాసాల్లో ఈమెకూ చోటుండాలి.

మన దగ్గర కథ ఇంకో రకంగా ఉంది. కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో స్థాపించిన దంతవైద్య కళాశాల మన దేశంలో మొదటిది. అక్కడ చదివిన ఫాతిమా జిన్నా 1923లో బొంబాయిలో సొంత క్లినిక్ తెరిచింది. ఒక ముస్లిం స్త్రీ ఒంటరిగా క్లినిక్ పెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1929లో ఆమె వదిన రత్తి చనిపోయింది. ఫాతిమా క్లినిక్ మూసేసి, అన్న మహమ్మదలీ జిన్నా ఇంటికి, ఆ ఇంటి బాధ్యతకు వెళ్ళిపోయింది. ఆరేళ్ళు. తర్వాత ఆమె రాజకీయ జీవితం గురించి ఎన్నో పుస్తకాలొచ్చాయి. ఆ ఆరేళ్ళు పటకారు పట్టిన చేయి గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి దొరకవు. ఇంటి అవసరం వచ్చినప్పుడు పనిముట్టు కింద పెట్టేయాల్సింది ఎవరన్న సంగతి ఎవరూ చర్చించనవసరం లేకుండానే తేలిపోతుంది.

లోపలికి రానిచ్చిన చోట ఏ పని ఇచ్చారన్నది మరో ప్రశ్న. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన దగ్గర సహాయకురాలిగా ఉన్న బంధువు ఐరీన్ న్యూమన్‌కు పళ్ళు శుభ్రం చేసే పని నేర్పాడు. 1913లో అలాంటి పనికోసం స్త్రీలకు బడి తెరిచాడు. డెంటల్ హైజీనిస్ట్ అనే వృత్తి అలా పుట్టింది. స్త్రీలకు జీతమిచ్చే గౌరవమైన పని దొరికింది, నిజమే. కానీ ఆ పంపకంలో ఏం జరిగిందో చూడాలి. కోయడం, పీకడం, నిర్ణయించడం డాక్టరు దగ్గర ఉండిపోయాయి. సన్నటి స్కేలరు పట్టుకుని రోజంతా, పంటి తర్వాత పన్ను, గార గీకే పని ఆడవాళ్ళకు వచ్చింది. పళ్ళ వైద్యంలో చేతి వేళ్ళ మీద అన్నిటికన్నా భారం పడే పని, పదేపదే ఒకే కదలిక చేయాల్సిన పని అదే. అంట్లు తోమే పనిని ఇంట్లో ఎవరికి ఇచ్చారో నోట్లోనూ వాళ్ళకే ఇచ్చారు.

స్కేలరును కలం పట్టుకున్నట్టే పట్టుకుంటారు. దంతవైద్య పుస్తకాలు దాన్ని 'కలం పట్టు' అనే పిలుస్తాయి, కాస్త మార్చిన కలం పట్టు. బొటనవేలూ చూపుడువేలూ నొక్కిపట్టి, మధ్యవేలిని ఆనించి, ఉంగరపు వేలిని పక్క పంటి మీద మోపి లాగాలి. రాసే మనందరికీ వేళ్ళ నొప్పి తెలుసు. కాగితం ఎదురు తిరగదు గానీ గట్టిపడ్డ గార ఎదురు తిరుగుతుంది. పిడి ఎంత సన్నగా ఉంటే అంత గట్టిగా నొక్కాలి. చేయి ఎంత చిన్నదైతే అంత తొందరగా అలిసిపోతుంది.

ఆ నొప్పి మొదలయ్యేది బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన. ఆ చోటి స్నాయువుల వాపుకు వైద్యంలో డి క్వెర్వాన్ వ్యాధి అని పేరు. 1895లో దాన్ని వివరించిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరది. అంతకు రెండేళ్ళ ముందు, 1893 నాటి 'గ్రేస్ అనాటమీ' పుస్తకంలో ఆ బాధకు ఉన్న పేరు వేరు. చాకలి స్త్రీ బెణుకు. తడిబట్టలు పిండి పిండి వచ్చే నొప్పి కాబట్టి ఆ పేరు. నొప్పి పడిన ఆడమనిషి పేరు పోయి, నొప్పిని చూసిన మగ డాక్టరు పేరు నిలిచింది. ఇది ఒక్క పేరు మార్పే కావచ్చు. కానీ పాత పేరు కారణాన్ని చెప్పేది. ఈ నొప్పి పని నుంచి వచ్చిందని, పనిని మార్చాలని ఆ పేరులోనే ఉంది. కొత్త పేరులో పని లేదు.

పిడిని కొలవాలన్న ఆలోచన వచ్చేసరికి ఇరవై ఒకటో శతాబ్దం వచ్చింది. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రకరకాల మందాలు, బరువులు ఉన్న పిడులతో గార తీయించి, చేతి కండరాల మీద పడే భారాన్నీ, వేళ్ళు నొక్కే బలాన్నీ కొలిచారు. 10 మిల్లీమీటర్ల మందం, 15 గ్రాముల బరువు ఉన్న పిడితో అన్నిటికన్నా తక్కువ బలం సరిపోయింది. అంతకన్నా మందం చేస్తే అదనంగా మేలేమీ కనబడలేదు. పెన్సిలు కన్నా సన్నగా ఉండే ఉక్కు పిడులతో తరాల తరబడి పని చేయించిన వృత్తికి ఇంత చిన్న లెక్క తేలడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఈలోగా పంటిని తాకే కొస ఎంత దూరం పోయిందో చూడండి. 1871లో కుట్టుమిషనులాగా కాలితో తొక్కే బరమా వచ్చింది, 1957లో నిమిషానికి మూడు లక్షల చుట్లు తిరిగే గాలి బరమా వచ్చింది.

శస్త్రచికిత్స చేతి తొడుగులు ఆరు, ఆరున్నర, ఏడు, ఏడున్నర అంటూ సైజుల్లో వస్తాయి. చేతులు రకరకాలుగా ఉంటాయని తొడుగు తయారుచేసేవాళ్ళకు తెలుసు. అదే చేయి పట్టుకునే పిడికి మాత్రం విద్యార్థి కొనే పెట్టెలో ఒకటే సైజు. నేడు మన దంతవైద్య కళాశాలల తరగతి గదుల్లో అమ్మాయిలే ఎక్కువ. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ కళాశాల అయినా, ఖమ్మంలోని మమతా దంతవైద్య కళాశాల అయినా, ఇంకే ఊరిదైనా, గది నిండా వాళ్ళే. పనిముట్టు మారక ముందే చేయి మారిపోయింది.

ఇక్కడ అడవి అంచుకు రావాలి. ఎందుకంటే పిడి ప్రశ్న అమెరికా ప్రయోగశాలల కన్నా చర్ల, దుమ్ముగూడెం ఊళ్ళలో ఎక్కువ ముఖ్యమైనది. కరెంటు నిలవని చోట గాలి బరమా పనిచేయదు. అందుకే తరాలుగా ఈ ఊళ్ళలో పంటి వైద్యమంటే వాకుడు గింజల పొగ పట్టడం, లేదంటే పీకించుకోవడం. 1980ల మధ్యలో టాంజానియాలోని దారెస్సలాంలో యో ఫ్రెంకెన్ అనే డచ్ దంతవైద్యుడు, ఆయన సహచరులు ఒక పద్ధతి మొదలుపెట్టారు. బరమా లేకుండా, చేతి పనిముట్లతోనే పుచ్చిన భాగాన్ని గీకి తీసేసి, గ్లాస్ అయొనమర్ సిమెంటుతో నింపడం. పంటికి తనంతట తానే అంటుకునే ఈ సిమెంటును ఇంగ్లండులో విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు 1972లో ప్రకటించారు. అద్దం, కొక్కెం, శ్రావణం, చిన్న గొడ్డలి ఆకారపు ఉలి, మూడు సైజుల గరిటె మొనలు, చెక్కే కత్తి - సంచిలో పట్టే సరంజామా. 1994 ప్రపంచ ఆరోగ్య దినం నోటి ఆరోగ్యం మీద జరిగింది. ఆ సందర్భంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది. 2021లో గ్లాస్ అయొనమర్ సిమెంటు ఆ సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేరింది. 2020లో కోవిడ్ కాలంలో బరమా తుంపర్లకు భయపడి పెద్ద నగరాల డాక్టర్లు కూడా చేతి పనిముట్ల వైపు చూశారు. అడవికి సరిపోతుందనుకున్నది నగరానికీ అవసరమైంది.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో, చర్ల దగ్గరి ఒక ఊళ్ళో బడి వరండాలో ఈ పని జరుగుతుంటే చూశాను. మిరప కోతల కాలం. శిబిరానికి వచ్చిన కోయ స్త్రీల వేళ్ళ కొసలు మిరపకాయల ఘాటుకు మండి ఎర్రబడి ఉన్నాయి. వేసవిలో అవే వేళ్ళు తునికాకు కోసి యాభై ఆకుల కట్టలు కడతాయి. నలభై ఏళ్ళుంటాయేమో, ఒకామె దవడ పన్ను చూపించి, "పీకెయ్ అమ్మా. రేపు మళ్ళీ రమ్మంటే రాలేను, కూలి పోద్ది" అంది. డాక్టరు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. "పీకను అక్కా, అరగంట ఓపిక పట్టు, ఈ పూటే నింపేస్తా" అని బల్ల మీద పడుకోబెట్టి, తలకు లైటు కట్టుకుని కూర్చుంది. కరెంటు లేదు. పంటి పింగాణీ అంచును ఉలితో అటూ ఇటూ తిప్పి విరిచి, గరిటె మొనతో మెత్తబడ్డ భాగాన్ని గీకి తీసింది. అరగంటలో నింపేసింది. ఒక పూట కూలి, ఒక పన్ను మిగిలాయి.

సాయంత్రం ఆమె పనిముట్లు సర్దుకుంటుంటే రెండు రకాల పిడులు కనిపించాయి. సన్నటివి చదువుకునే రోజుల్లో కొన్నవి. లావుగా, లోపల బోలుగా, తేలిగ్గా ఉన్నవి తర్వాత తన డబ్బుతో కొనుక్కున్నవి. "కరెంటు లేదంటే కరెంటు చేసే పని నా బొటనవేలు చేయాలి మేడం" అంది. "నొప్పి ఇక్కడ తెలీదు. ఇంటికెళ్ళి చపాతీ పిండి కలుపుతుంటే, పాప స్కూలు బట్టలు పిండుతుంటే తెలుస్తుంది. భుజం నొప్పి మావారికీ ఉంది, ఆయనా డెంటిస్టే. కానీ ఆయన చేయికి ఇంటికెళితే సెలవు."

ఈ మాట నేను చదివిన ఏ పరిశోధనా పత్రంలోనూ లేదు. వాళ్ళు కొలిచింది క్లినిక్‌లో పనిచేసే చేయిని. ఆ చేయి సాయంత్రం ఆరింటికి ఆగిపోతుందన్నట్టుగా కొలత అక్కడ ఆగుతుంది. స్త్రీల విషయంలో అదే చేయి రెండో పూట పని మొదలుపెడుతుంది. చాకలి స్త్రీ బెణుకు అన్న పాత పేరు దంతవైద్యురాలికి మళ్ళీ తగులుకునేది ఈ రెండో పూటలోనే. పసిపిల్లలను ఎత్తుకునే తల్లుల్లో ఈ వ్యాధి ఎక్కువని వైద్యులకు తెలుసు. పనిముట్టు రూపకల్పనలో ఈ సంగతి లెక్కలోకి వచ్చిన దాఖలా నాకు కనబడలేదు. ఇంటి పని తరగనంత కాలం లావుపాటి పిడి ఒక్కటే ఆ చేతిని కాపాడలేదు.

బరమా లేని వైద్యాన్ని 'తక్కువ ఖర్చు వైద్యం' అని మెచ్చుకునేటప్పుడు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఖర్చు తగ్గినచోట శ్రమ తగ్గలేదు, యంత్రం నుంచి చేతికి మారింది. ఆ చేయి ఎక్కువసార్లు స్త్రీదే. కాబట్టి అడవి అంచు ఊళ్ళకు చవకరకం సన్న పిడుల పెట్టె సరిపోతుందనుకోవడం అన్యాయం. బలమంతా చేతి మీదే పడే పద్ధతికే అన్నిటికన్నా మంచి పిడి కావాలి. ఆ పిడి ఆవిరి పాత్రలో 134 డిగ్రీల వేడికి తట్టుకోవాలి, తడి తొడుగులో జారకూడదు, తేలిగ్గా ఉండాలి. ఇవేవీ అసాధ్యం కాదు, బోలు ఉక్కుతో చేసినవి ఇప్పటికే బజారులో ఉన్నాయి. కళాశాలలు విద్యార్థుల చేత కొనిపించే పరికరాల జాబితాలో మొనకు నంబరు ఉన్నట్టే పిడి మందానికీ, బరువుకూ ఒక గడి ఉంటే చాలు, మార్పు మొదలవుతుంది. ఏ సైజు తొడుగు అని అడిగే చోటే ఏ సైజు పిడి అని కూడా అడగొచ్చు. ప్రభుత్వ శిబిరాలకు పనిముట్లు కొనే టెండరులోనూ ఆ గడి ఉండొచ్చు.

ఇందులో సాహిత్యం చదివినవాళ్ళం చేయగలిగింది లేదని నేను అనుకోను. నొప్పికి ఏ పేరు పెడతామన్నది మన పరిధిలోని విషయమే. పిడి గురించిన మాటలు స్త్రీల దగ్గర చాలా ఉన్నాయి. పిడి కుదరలేదని, చేయి ఒరుసుకుంటోందని, పట్టు చిక్కడం లేదని పొలంలో, వంటింట్లో, ఆస్పత్రిలో రోజూ అంటూనే ఉంటారు. పంటి బిగువున ఓర్చుకోవడం మన గొప్పతనంగా చెప్పుకునే భాషలో ఆ మాటలు ఫిర్యాదులుగానే మిగిలిపోయాయి. అవి కొలతలు. పాటలతో పాటు వాటినీ రాసుకోవడం మొదలుపెట్టాను. దంతవైద్యురాలి దగ్గరా, మిరప తోటలో కూలికి వెళ్ళే ఆమె దగ్గరా ఒకే ప్రశ్న అడుగుతున్నాను: నీ పనిముట్టు నీ చేతిలో ఎక్కడ నొప్పి పెడుతుంది? మీకు తెలిసిన స్త్రీలను కూడా అడగండి. చెప్పిన చోటు రాసిపెట్టండి.